ఇరవై ఆరడుగుల ఇంట్లో ఒక చలికాలం

మా అమ్మాయి కీర్తన, అల్లుడు కలిసి ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. ట్రక్కు వెనక తగిలించి ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోయే చిన్న ఇల్లు. వేసవంతా దాన్ని సరస్సుల పక్కనా, కొండల మీదా తిప్పి, చలి మొదలవగానే ఎక్కడ నిలపాలో తెలియక మా ఇంటికి తెచ్చారు. వాళ్ళ కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఇంటి ముందు పెట్టనివ్వరట. నేపర్‌విల్‌లో మా వీధి పాతది, అలాంటి పట్టింపులు లేవు. గరాజ్ పక్కన నిలిపి, "అమ్మా, ఒక్కసారి లోపలికి రా, ఎంత కోజీగా ఉందో చూడు" అంటూ కీర్తన నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

రెండు మెట్లెక్కి లోపల కాలు పెట్టగానే ఆ వాసన ముక్కుకి తగిలింది. ప్లైవుడ్డు, రబ్బరు, పరుపుల్లో చేరిన చెమ్మ, వాటి వెనకాల ఎక్కడో సన్నగా గ్యాసు. కీర్తన ఫ్రిజ్ తెరిచి చూపించింది. బల్ల కిందికి దించితే మంచం ఎలా అవుతుందో చూపించింది. నేను మూలనున్న చిన్న కరెంటు హీటర్ వైపు చూసి, "అన్నం పెట్టినప్పుడు దీన్ని ఆపుతారా?" అని అడిగాను.

"అన్నం ఏంటి అమ్మా? మేం శాండ్‌విచ్‌లు తింటాం. ఎందుకు ఆపాలి?"

"రెండూ కలిపి పెడితే కరెంటు పోతుంది కదే. ఒక చలికాలం నేనూ, మీ నాన్నా, మీ తాతయ్యా ఇలాంటి దాంట్లోనే ఉన్నాం."

"రియల్లీ? క్యాంపింగ్ చేశారా?"

"కాదు. కాపురం చేశాం."

అది పగలబడి నవ్వింది. ఎప్పుడూ చెప్పలేదేం అంది. చెప్పకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. మా ఆయన మురళి లోపలికి రాలేదు. బయట టైరు వెనక చెక్కదిమ్మను కాలితో బిగిస్తూ నిలబడ్డాడు. పిల్లలు వెళ్ళిపోయాక నేను కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

అప్పట్లో మురళి మిసిసిపీ నది మీద కడుతున్న ఒక వంతెన దగ్గర పనిచేసేవాడు. పోసిన కాంక్రీటు సరిగ్గా గట్టిపడుతోందో లేదో పరీక్షించే ఉద్యోగం. నదికి అయోవా వైపు ఒడ్డున చిన్న ఊరు. ధాన్యం గోదాము, బడి, రెండు చర్చిలు, పెట్రోలు బంకు, అంతే. వంతెన పనికి వచ్చినవాళ్ళతో ఊళ్ళో అద్దె ఇళ్ళన్నీ నిండిపోయాయి. ఒక నెల మోటెల్‌లో ఉన్నాం. అక్కడ వంట చేసుకోవడానికి లేదు. నేను స్నానాలగదిలో తలుపు మూసుకుని, ఫ్యాన్ వేసి, దొంగతనంగా రైస్ కుక్కర్ పెట్టేదాన్ని. పని మానేసి వెళ్ళిపోతున్న వెల్డర్ ఒకాయన తన ట్రైలర్ అమ్ముతానంటే మురళి కొనేశాడు. ఊరి చివర, నది పక్కన, అలాంటి ట్రైలర్లు నిలుపుకునే పార్కులో మాకు ఒక చోటు దొరికింది. "రెండు నెలలే సుజాతా. చలి ముదిరేలోపల ఏదో ఒక ఇల్లు ఖాళీ అవుతుంది" అన్నాడు. ఏదీ కాలేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా అందులోనే ఉన్నాం. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. అమెరికా వచ్చి ఏడాదిన్నర. డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చెయ్యడానికి లేదు. డ్రైవింగ్ ఇంకా రాదు.

పొడవు ఇరవై ఆరడుగులు, వెడల్పు ఎనిమిది. ముందు వైపు మా మంచం. దానికీ మిగతా ఇంటికీ మధ్య తలుపు లేదు, ఒక మడత తెర మాత్రం ఉండేది. నడుమ పొయ్యి, సింకు. వాటికెదురుగా బల్ల, దానికి అటూ ఇటూ బెంచీలు. చివర స్నానాలగది. అందులో ఒంటికి సబ్బు రాసుకుంటే మోచేతులు రెండు గోడలకీ తగిలేవి. వేడినీళ్ళు ఒక్కసారికి ఆరు గాలన్లే. ఒకరు తల రుద్దుకుంటే తరవాతి వాళ్ళు అరగంట ఆగాల్సిందే. నేను ఒక ప్లాస్టిక్ టబ్బు, చెంబు కొనుక్కొచ్చి మా తెనాలి పద్ధతిలోకి దిగిపోయాను. అప్పటినుంచి నీళ్ళు చాలాయి.

ఆ ఏడాది జూన్‌లో, బిట్రగుంటలో, మా అత్తయ్యగారు పోయారు. గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. మురళి వెళ్ళలేదు. పాత వీసా గడువు అయిపోయింది, కంపెనీ మారిన కాగితాలు ఇంకా చేతికి రాలేదు. వెళితే తిరిగి రావడం ఎప్పుడో చెప్పలేనని లాయర్ అన్నాడు. మాకు తెలిసిన ఒకతను అలాగే వెళ్ళి ఐదు నెలలు హైదరాబాదులో చిక్కుకుపోయాడు. ఇవన్నీ నిజమే. కానీ ఇవన్నీ విన్నాక కూడా మురళి సూట్‌కేసు మంచం మీద పెట్టి తెరిచాడు. దాన్ని మూసింది నేను. "మీరు అక్కడే ఉండిపోతే ఇక్కడ ఒక్కదాన్నీ నేనేం చెయ్యను? వెళ్ళొద్దు" అన్నాను. ఏడ్చాను కూడా. అతను కాసేపు ఆ సూట్‌కేసు పక్కనే కూర్చుని, తరవాత లేచి ఫోన్ చేసి, "నాన్నా, రావడం కుదరట్లేదు" అని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. తలకొరివి మా చినమామయ్యగారి అబ్బాయి పెట్టాడు.

ఆ తరవాత తండ్రీకొడుకులు ఫోన్‌లో మాట్లాడుకున్నారు కానీ, అవి మాటల్లా ఉండేవి కావు. వానలు పడ్డాయా, బి.పి. మాత్రలు వేసుకుంటున్నావా, సరే ఉంటాను. మురళి రమ్మని అడగ్గా అడగ్గా, చినమామయ్యగారు కూడా పోరగా, మామయ్యగారు ఐదు నెలలకి బయల్దేరారు. ఇల్లు చిన్నదని మాత్రమే చెప్పాం. దానికి చక్రాలున్నాయని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

షికాగో విమానాశ్రయం నుంచి మూడు గంటల ప్రయాణం. దారిపొడవునా కోసేసిన మొక్కజొన్న చేలు. ఆయన కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నారు. పార్కులో కారు ఆగాక దిగి, ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. వంగి కిందికి చూశారు. వేలి కణుపులతో గోడ మీద కొట్టి చూశారు.

"దీనికి బ్రేకుందా?" అని అడిగారు, నన్నే.

"ఉంది మామయ్యగారూ."

"చక్రాల కింద చెక్కలు సరిగ్గా లేవు. రేపు పొద్దున నేను చూస్తాలే" అని లోపలికి ఎక్కారు.

మామయ్యగారు రైల్వేలో ముప్పై అయిదేళ్ళు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. గూడ్సు బండి చిట్టచివర బ్రేక్ వ్యాన్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఫ్యాను ఉండదు, లైటు ఉండదు, ఒక బెంచీ ఉంటుంది. అందులో ఒక్కడే కూర్చుని గూడూరు నుంచి బెజవాడ దాకా, ఎండల్లో వానల్లో, రోజులకి రోజులు తిరిగిన మనిషి. వండుకున్న అన్నం క్యారేజీలో, నీళ్ళు కూజాలో, పచ్చజెండా ఎర్రజెండా పెట్టెలో. నేను సిగ్గుపడుతూ చూపించిన ఇల్లు ఆయనకి ఒక మెరుగైన బ్రేక్ వ్యాన్‌లా కనిపించిందనుకుంటాను. మాకు నెల పట్టినదంతా ఆయన మూడు రోజుల్లో సర్దేశారు. చెప్పులకి ఒక చోటు, అద్దాలకి ఒక మేకు, మాత్రలకి ఒక డబ్బా. ఏ వస్తువు తీసినా, పనయ్యాక అది ఉన్నచోటికే వెళ్ళాలి. "చిన్న చోట్లో మనిషికి మనిషి అడ్డం గాదమ్మాయ్, వస్తువులు అడ్డం" అనేవారు.

బల్ల దించి, బెంచీల మీది దిండ్లు పరిస్తే ఆయన పక్క. తెల్లారకముందే లేచి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి, బల్ల ఎత్తి నిలబెట్టి, మేం తెర తీసేసరికి అక్కడ పడుకున్న గుర్తు లేకుండా చేసేవారు. కాఫీ ఆయనే కలిపేవారు. ఊరినుంచి తెచ్చిన ఇత్తడి ఫిల్టరు, రాత్రే వేసిన డికాక్షను. ఆ వాసనే మా అలారం. తరవాత మంకీ క్యాప్, మురళి పాత జాకెట్, రెండు జతల సాక్సు వేసుకుని బయటికి దిగి ట్రైలర్ చుట్టూ ఒక చుట్టు. చెక్కలు చూసి, ముందువైపు ఉన్న రెండు గ్యాసు సిలిండర్లని తట్టి చూసి, కరెంటు తీగ ఊడిందేమో చూసి, లోపలికి వచ్చి నాతో "ఆల్ రైట్" అనేవారు. ఎక్కడికీ కదలని బండికి రోజూ ఆ తనిఖీ ఎందుకని నేను అడగలేదు.

పార్కు వెనక, నది వెంట రైలు పట్టాలున్నాయి. అవి ఉన్నాయని మాకు తెలుసు కానీ, ఆయనొచ్చాకే పట్టించుకున్నాం. మొదటి బండి కూత వినగానే చెప్పులతోనే పరిగెత్తారు. పదిహేను నిమిషాల తరవాత ముఖం వేలాడేసుకుని వచ్చారు.

"నూట పన్నెండు వ్యాగన్లమ్మాయ్. చివర గార్డు లేడు."

పార్కు చూసుకునే డోనా అనే ఆవిడ, అరవయ్యేళ్ళుంటాయి, ఆయనకి విడమరిచి చెప్పింది. ఈ దేశంలో గార్డు పెట్టె తీసేసి చాలా ఏళ్ళయిందట. చివరి వ్యాగనుకి ఎర్రదీపం ఉన్న ఒక యంత్రం తగిలిస్తారట, అదే ఇంజనుకి కబురు పంపుతుందట. "డబ్బా తగిలించి మనిషిని దించేశారన్నమాట" అన్నారాయన. రెండు రోజులు దాని గురించే ఆలోచించారు. అయినా బండి వచ్చినప్పుడల్లా వెళ్ళి నిలబడి, చెయ్యి చాచి ఊపడం మానలేదు. డిసెంబరు వచ్చేసరికి పొద్దున పదిగంటల బండి డ్రైవరు ఒకడు ఆయన్ని చూసి ఒక పొట్టి కూత వేసేవాడు. ఆ రోజు అన్నం ఒక ముద్ద ఎక్కువ తినేవారు.

చలి గురించి చెప్పాలి. నవంబరులో గాలి ట్రైలర్ కిందనుంచి దూరి నేలని మంచుగడ్డ చేసేది. డోనా తన ట్రక్కులో గడ్డిమోపులు తెచ్చి, ఇంటి చుట్టూ కింద పేర్చమంది. ఆమెకి తెలుగు రాదు, ఆయనకి రైల్వే ఇంగ్లీషు తప్ప రాదు. ఇద్దరూ ఒక పూటంతా మోపులు మోసి చుట్టూ గోడ కట్టారు. "గడ్డివామిలో కాపురం" అన్నాను నేను. గ్యాసు హీటరు గుర్రుమంటూ పది నిమిషాలు తిరిగేది, ఇరవై నిమిషాలు ఆగేది. తిరిగినంతసేపూ ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. కరెంటు హీటరు వేస్తే కుక్కర్ పెట్టకూడదు, పెడితే టప్‌మని అంతా చీకటి. అందుకని మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా మేం అన్నం కోసం వణికేవాళ్ళం. తాలింపు వేస్తే పొగ అలారం కూసేది; మామయ్యగారు తువ్వాలు పట్టుకుని దాని కింద విసురుతూ నిలబడేవారు. ఇడ్లీ పిండి పులిసేది కాదు; హీటరు గాలి వచ్చే జాలీ పక్కన పెట్టి, పసిబిడ్డలా రెండు పూటలు కాచుకునేదాన్ని. మా ముగ్గురి ఊపిరీ, అన్నం ఆవిరీ కలిసి కిటికీల మీద నీళ్ళయి కారేవి, పొద్దునకి ఆ నీళ్ళు గడ్డకట్టేవి. పరుపు ఎత్తి చూస్తే అడుగున తడి. రోజూ ఆ తడి తుడవడం వల్లే నాకిప్పటికీ తడిగుడ్డ చూస్తే చిరాకు. అక్కడ వంతెన మీద కొత్తగా పోసిన కాంక్రీటుకి దళసరి దుప్పట్లు కప్పి, లోపలికి వేడిగాలి పంపేవారు. గడ్డకడితే పాడైపోతుందట. మురళి గంటగంటకీ దాని జ్వరం చూసి రాసుకునేవాడు. "కాంక్రీటుకి ఉన్న భోగం మనకి లేదు" అంటే నవ్వేవాడు.

నవ్వు నాతోనే. తండ్రితో కాదు. అంత చిన్న చోట్లో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకోకుండా ఉండటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పోట్లాట లేదు, విసుగు లేదు. నాలుగడుగుల దూరంలో కూర్చుని, "సుజాతా, నాన్న ఇంకో గ్లాసు కాఫీ తాగుతారేమో అడుగు" అనేవాడు. "వాడు ఎన్నింటికి వస్తాడమ్మాయ్?" అని ఈయన, అతను అక్కడే బూట్లు వేసుకుంటుండగా. అత్తయ్యగారి పేరు ఆ ఇంట్లో వినపడేది కాదు. మామయ్యగారు తన పెట్టెలో ఒక బొంత తెచ్చారు. అత్తయ్యగారి పాత చీరలన్నీ పొరలు పొరలుగా పేర్చి, చినమామయ్యగారి భార్య కుట్టించిందట. మురళికని తెచ్చారు. వచ్చిన రోజే బల్ల మీద పెట్టారు. మురళి దాన్ని ముట్టుకోకుండా చూసి, "పైన పెట్టు సుజాతా" అన్నాడు. మంచం మీది అలమరలో పెట్టాను. మాకు కంబళ్ళు చాలక రాత్రిళ్ళు వణుకుతున్నా అది దిగలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఆ మౌనానికి కారణం నేనేనని నాకు తెలుసు. ఇద్దరి మధ్య కాఫీలు అందిస్తూ, మాటలు అందిస్తూ తిరుగుతుంటే, ఇవాళ చెప్పేద్దాం అని పొద్దున అనుకునేదాన్ని, రేపు అని సాయంత్రం అనుకునేదాన్ని.

జనవరిలో ఒక చలిగాలి వచ్చింది. ముందురోజే రేడియోలో చెప్పారు, సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోతుందని. మురళి తెల్లారకుండానే వంతెన దగ్గరికి వెళ్ళాడు. పొద్దున తొమ్మిదింటికి కుళాయి తిప్పితే ఒక్కసారి గరగరమని ఆగిపోయింది. బయట పార్కు వాళ్ళ కుళాయి నుంచి మా ఇంట్లోకి వచ్చే గొట్టానికి వేడిచేసే టేపు చుట్టి ఉండేది, కరెంటుతో పనిచేసేది. అది కాలిపోయింది. మామయ్యగారూ నేనూ బయటికి దిగాం. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేంత చలి. డోనా వచ్చి చూసి, గొట్టం ఇంకా పగల్లేదు, వేడినీళ్ళు పోసి కరిగించండి, కరగ్గానే ఏది దొరికితే అది మందంగా చుట్టండి, ఆలస్యమైతే లోపలి పైపులు కూడా పోతాయి అంది. కొత్త టేపు తేవడానికి పక్క ఊరికి బయల్దేరింది.

సీసాల్లో ఉన్న తాగేనీళ్ళు కాచి, గిన్నెలు గిన్నెలుగా పోశాం. మామయ్యగారు నా హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముప్పావుగంటకి లోపల సింకులో నీళ్ళు దూకాయి. "చుట్టు, చుట్టు, ఏదో ఒకటి తే" అని ఆయన అరిచారు. నేను లోపలికి పరిగెత్తాను. కంబళ్ళు రెండే, రెండూ చెమ్మకి తడిసి ఉన్నాయి. తువ్వాళ్ళు పల్చన. చెయ్యి పైకి వెళ్ళింది. బొంత తీసుకుని గుమ్మంలో ఆగిపోయాను.

ఆయన తలెత్తి చూశారు. "ఏంది చూస్తా నిలబడ్డావు? ఇటియ్యి."

"మామయ్యగారూ, ఇది..."

"గుడ్డే గదా. ఇటియ్యమ్మా."

ఇద్దరం కలిసి గొట్టానికీ, కుళాయి దిమ్మకీ బొంత చుట్టి, తాడు కట్టి, పైన చెత్త సంచులు కప్పి, గడ్డి ఆనించాం. నా వేళ్ళు పనిచెయ్యడం మానేశాయి. ముడులు ఆయనే వేశారు. లోపలికి వచ్చి ఆయన పాదాలు నేను తువ్వాలుతో రుద్దుతుంటే వద్దనలేదు.

మధ్యాహ్నం మురళి త్వరగా వచ్చేశాడు. అంత చలిలో కాంక్రీటు పొయ్యకూడదని పని ఆపేశారు. కారు దిగి, ఇంటి పక్కకి చూసి, అక్కడే నిలబడిపోయాడు. సంచుల కింద నుంచి ఒక నీలం అంచు బయటికి వచ్చి గాలికి కొట్టుకుంటోంది. తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు.

"ఎవరు చుట్టారది?"

"నేనే" అన్నాను. "గొట్టం గడ్డకట్టింది. వేరే ఏం దొరకలేదు."

"అవి అమ్మ చీరలు సుజాతా! ఆ నీలం అంచుది నా టెన్త్ రిజల్ట్స్ రోజు కట్టుకుంది. దాంట్లో ఆకుపచ్చది ఉంది, పసుపు మరకలది, దానికి నా చేతులు తుడిచేది. గొట్టానికి చుడతావా? మంచులో పడేస్తావా?"

అతను అరవడం నేనెప్పుడూ వినలేదు.

"నేనే చుట్టమన్నా" అన్నారు మామయ్యగారు. బల్ల దగ్గర, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. మాట నెమ్మదిగానే ఉంది. "మీ అమ్మ పోయిన పదిరోజులూ నువ్వు రోజూ ఫోన్ చేసినావు. పదిరోజులూ వీసా గురించే చెప్పినావు. ఆ కాగితం, ఈ కాగితం. రాలేకపోయినందుకు నాకేం కోపం లేదురా. అమ్మని గురించి ఒక్క మాటన్నా అంటావేమోనని చూసినా. ఇన్ని నెలలకి ఇయ్యాల అన్నావు."

మురళి జాకెట్ కూడా విప్పలేదు. ఎదురు బెంచీ మీద కూలబడ్డాడు. "ఏం మాట్లాడమంటావు నాన్నా? రానివాణ్ణి. మాట్లాడే మొహం ఎక్కడుంది?" అన్నాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోవడానికి మూడో చోటు లేదు. "మామయ్యగారూ, తను వస్తానన్నారు. సూట్‌కేసు తీశారు. నేనే వద్దన్నాను. భయపడ్డాను. తప్పు నాది."

గ్యాసు హీటరు అప్పుడే ఆగింది. మామయ్యగారు నా వైపు కాసేపు చూసి, గ్లాసులో మిగిలిన కాఫీ తాగి పక్కన పెట్టారు.

"మా నాయన పోయినప్పుడు నేను గూడ్సు మీద ఉన్నా. ఉలవపాడులో బండిని పక్క పట్టాల మీద, లూప్ లైన్లో పెట్టి, స్టేషన్ మాస్టరు చీటీ తెచ్చిచ్చాడు. చదువుకున్నా, జోబీలో పెట్టుకున్నా. దిగలా. బండి వదిలేసి గార్డు దిగకూడదు గదా. నేను పోయేసరికి అంతా అయిపోయింది. మా తమ్ముడు పెట్టాడు కొరివి. ఎవురూ నన్నొక మాట అనలా. కొన్నిసార్లు అట్టా జరుగుతాయమ్మాయ్. దాన్ని ఇన్నాళ్ళు మోసినావా? దించెయ్యి."

మురళి తలెత్తి తండ్రి వైపు చూశాడు. ఏదో అనబోయాడు, అనలేదు. కళ్ళు తుడుచుకుని లేచి, జాకెట్ విప్పి మేకుకి తగిలించి, హీటరు ఆపి కుక్కర్ స్విచ్చి వేశాడు. "నాన్నా, పచ్చడి ఏది కావాలి? దోసావకాయా, గోంగూరా?" అన్నాడు. మధ్యలో నేను లేకుండా వాళ్ళిద్దరి మధ్య నేను విన్న మొదటి మాట అది.

సాయంత్రానికి డోనా కొత్త టేపు తెచ్చింది. మురళి దాన్ని చుట్టి, బొంత విప్పి, పార్కు లాండ్రీలో ఉతికి, మంచం మీద పరిచాడు. మిగిలిన చలికాలం ఎలా గడిచిందని అడిగితే, మాటలతో అని చెప్తాను. అత్తయ్యగారు చేసే చేపల పులుసు, ఆవిడ కోపం, రైల్వే క్వార్టర్స్‌లో పంపు దగ్గర ఆవిడ పోట్లాటలు. నాకు ఆవిడ పెళ్ళిలో చూసిన ముఖమే తెలుసు. ఆ రెండు నెలల్లో కాపురం చేసినంత పరిచయమైంది.

మార్చిలో నేపర్‌విల్‌లో ఉద్యోగం దొరికి, రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌కి మారాం. గోడల్లోంచి వేడి వచ్చేది, నీళ్ళు ఎంతసేపు పోసుకున్నా వేడిగానే ఉండేవి. మామయ్యగారికి ఒక గది, తలుపుతో సహా. మొదటి వారం ఆయన ఆ గదిలో కూర్చోలేక, కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో వేసుకున్నారు. ఏప్రిల్‌లో వెళ్ళిపోయారు. ఇప్పుడు మా ఇంట్లో నాలుగు గదులు, మూడు స్నానాలగదులు. భోజనానికి రమ్మని మురళికి కింది అంతస్తుకి మెసేజ్ పెడతాను. సుఖంగానే ఉన్నాం. తిరిగి ఆ ట్రైలర్‌లోకి వెళ్ళమంటే వెళ్ళను. ఆ తడి పరుపు ఎత్తే ఓపిక నాకిప్పుడు లేదు. కానీ అంత దగ్గరగా ఉంటే తప్ప మేం ముగ్గురం ఆ మాటలు అనుకునేవాళ్ళం కాదని కూడా తెలుసు. తలుపులుంటే ఎవరికి వాళ్ళం వేసుకునేవాళ్ళం.

మామయ్యగారు తరవాత తొమ్మిదేళ్ళు బతికారు. పోయినప్పుడు మేమిద్దరం పక్కనే ఉన్నాం. పదోరోజు, వచ్చినవాళ్ళందరూ భోజనాలు చేసి వెళ్ళాక, చినమామయ్యగారు అన్నగారి సంగతులు చెప్తూ కూర్చున్నారు. నేనేదో సందర్భంలో, "మామయ్యగారికి కూడా వాళ్ళ నాన్నగారి ఆఖరి చూపు దక్కలేదట కదండీ, బండి వదిలి దిగలేదట" అన్నాను.

ఆయన వింతగా చూశారు. "ఎవరు చెప్పారమ్మా? చీటీ అందగానే ఇంకో గార్డుని పిలిపించి, బండి అప్పజెప్పి, ఒంటి ఇంజను మీద ఎక్కి వచ్చేశాడు మా అన్న. కొరివి ఆయనే పెట్టాడు. మా నాయనకి పెద్దకొడుకు గదా."

మర్నాడు మద్రాసు విమానానికి కారులో వెళుతుంటే మురళికి ఈ మాట చెప్పాను. అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్న ఇంజను దిగి, యూనిఫాంలో, పట్టాల మీద పరిగెత్తుకుంటూ రావడం నేను చూశాను."

"మరి ఆ రోజు ట్రైలర్‌లో అక్కడే ఉన్నారు కదా? ఎందుకు ఊరుకున్నారు?"

"నాన్న నీతో మాట్లాడుతున్నాడు. మధ్యలో నేనెందుకు?" అన్నాడు.